పుట్టని ఫోనుకు పెట్టిన పేరు

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత శ్రోతలు ఎరుగనిది కాదు. ఈ సామెతను మొదట పలికిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయన నేడు జీవించియున్నచో ఏటేటా వేసవినుండి దసరా వరకు సాగు ఒక వ్యవహారమును చూచి, తన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదని మురిసిపోయియుండును. ఆ వ్యవహారమేమన, ఇంకను విడుదల కాని స్మార్ట్‌ఫోను రూపురేఖలెట్లుండునో, దానికేమి పేరు పెట్టుదురో ముందుగానే ఊహించుట. పేరుతో ఊరకుందురా? వెనుకభాగము గాజా లోహమా, కెమెరాలు అడ్డముగా నుండునా నిలువుగా నుండునా, అంచులు గుండ్రమా పలకలా, రంగులెన్ని, బరువెంత అను సంగతులన్నియు తేలిపోవును. సోమలింగమునకు పేరు మాత్రమే గాక జాతకము గూడ వ్రాసియుంచెదరన్నమాట.

ఇటీవల మాకు ఒక శ్రోత ఉత్తరము వ్రాసినారు. ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నవారు. “మా అమ్మాయికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. మంచి ఫోను కొనియిచ్చెదనని మాట యిచ్చితిని. నాలుగు నెలలుగా రొక్కము బీరువాలోనే యున్నది. కొట్టుకు బయలుదేరునప్పుడెల్ల మా మేనల్లుడు ‘ఆగండి మామయ్యా, కొత్తది వచ్చుచున్నది, దాని రూపమిట్లుండును, పేరిది’ అని చెప్పి ఆపుచున్నాడు. అమ్మాయి పగిలిన అద్దముమీద టేపు అంటించుకొని పాత ఫోనుతోనే పాఠములు చదువుకొనుచున్నది. వాడు చెప్పునది ఎంతవరకు నమ్మదగినది? ఆగవలయునా, కొనవలయునా?” ఇదీ వారి ప్రశ్న. లెక్కల మాస్టారు గనుక సమాధానముతోబాటు సాధనము గూడ కోరుదురని తలచి, ఈ ప్రసంగమునకు దానినే విషయముగా తీసికొంటిమి.

మొదట పేరు సంగతి. రేడియో వినువారి యిండ్లలో పేర్లను గూర్చి మాటలాడునపుడు ఒక ముచ్చట చెప్పకుండ ముందుకు పోలేము. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఒక చిన్న పరికరము పనిచేయుట మొదలుపెట్టినది. వాల్వులు చేయు పనిని అది చేయుచున్నది గాని దానికింకను పేరు లేదు. 1948లో అక్కడి శాస్త్రజ్ఞులకు కొన్ని పేర్లు వ్రాసిన కాగితము పంపి ఓట్లు తీసికొనిరి. ‘స్ఫటిక ట్రయోడు’ అని అర్థమిచ్చునదొకటి, ‘అయోటాట్రాన్’ అని మరియొకటి, ఇట్లు ఐదారు పేర్లు ఆ కాగితముపై నుండెను. వానిలో జాన్ పియర్స్ అను ఇంజనీరు సూచించిన ‘ట్రాన్సిస్టరు’ నెగ్గినది. ఆ పేరు ఆ చిన్న పరికరమునకే పెట్టినది. మన పల్లెలలో మాత్రము అది చేతిరేడియోకు పేరై కూర్చున్నది. “ట్రాన్సిస్టరు పెట్టండి, వార్తల వేళ అయినది” అనని యిల్లు ఒకప్పుడు లేదు. అట్లే ‘సెల్యులర్’ అను పొడుగాటి మాటకు తల మాత్రము ఉంచుకొని ‘సెల్లు’ అనుచున్నాము. బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరు వేంకట సూర్యనారాయణ శర్మ కావచ్చును, వీధిలో పిలుచునది మాత్రము చిట్టియే. కంపెనీవారు లక్షలు పోసి వెదకిన పేర్ల గతియు ఇంతే.

ఇక ఫోనులకు వత్తము. ఊహల పంట పండిన పొలము ఐఫోను గనుక దానినే ప్రధానముగా తీసికొనుచున్నాము. 2007 జనవరి 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోనును లోకమునకు చూపెను. అంతకు ముందే రెండు మూడేండ్లుగా దానిని గూర్చి ఊహలు సాగుచుండెను. ఆపిల్‌వారి సంగీతయంత్రమగు ఐపాడ్‌మీద వ్రేలితో త్రిప్పు గుండ్రని చక్రమొకటి యుండెడిది. కాబట్టి వారు ఫోను చేసినచో ఆ చక్రమునే త్రిప్పి అంకెలు వేయవలసియుండునని చాలమంది బొమ్మలు గీచి చూపిరి. జాబ్స్ ఈ బొమ్మలనెరుగును. సభలో ముందుగా ఐపాడ్‌పై పాతకాలపు టెలిఫోను డయలు అతికించిన చిత్రము నొకదానిని తెరపై వేయించి అందరిని నవ్వించి, ఆ పిమ్మట అంకెల మీటలు ఒక్కటియు లేని అసలు ఫోనును చూపెను. రూపము విషయమున ఊహాకారులు పూర్తిగా తప్పిరి. పేరు మాత్రము సరిగా చెప్పిరి. ఇందులో తమాషా యేమన, ఆ పేరు అప్పటికి ఆపిల్‌వారిది గాదు. సిస్కో అను సంస్థ 2000లో ఒక చిన్న కంపెనీని కొని, దానితోబాటు ఆ పేరుపై హక్కును గూడ సంపాదించి, 2006 డిసెంబరులో ఆ పేరుతోనే ఇంటర్నెట్టు టెలిఫోనులను అంగడిలో పెట్టియుండెను. ఆపిల్‌వారు ఫోను చూపిన మరునాడే సిస్కోవారు దావా వేసిరి. ఫిబ్రవరిలో రాజీ కుదిరి, ఇరువురును ఆ పేరు వాడుకొనవచ్చుననిరి.

బ్రెజిలులో ఇంకను చిత్రము. అక్కడ గ్రాడియెంటె అను సంస్థ 2000లోనే ఆ పేరునకు దరఖాస్తు పెట్టి, 2008లో హక్కు పొంది, 2012 చివర తాను గూడ ఒక ‘ఐఫోను’ను విడుదల చేసెను. అది నడచునది ఆపిల్‌వారికి పోటీయగు ఆండ్రాయిడు మీద! జపానులో ఇండ్ల తలుపుల వద్ద మాటలాడు యంత్రములు చేయు ఒక పాత సంస్థ పేరే ‘ఐఫోన్’ అని పలుకును గనుక, అక్కడ దాని అనుమతితో వాడుకొనుచున్నారు. పేరు పెట్టుట మనమనుకొన్నంత తేలిక కాదని చెప్పుటకే ఈ గొడవ. పలుకుటకు వీలుగా నుండవలెను, ఏ భాషలోను తప్పుడర్థము రాగూడదు, ఇతరులది కారాదు.

పేరు కుదిరిన పిదప అంకె గదా. అంకెలు వరుసగా పోవును గనుక వానిని ఊహించుట సులభమని తోచును. మాస్టారు గారు ఇచ్చట కొంచెము జాగ్రత్తగా వినవలెను. మొదటి ఐఫోనుకు అంకె లేదు. 2008లో వచ్చిన రెండవదాని పేరు ‘3జి’. మూడవ తరము టెలిఫోను వ్యవస్థపై పనిచేయును గనుక ఆ పేరు. 2009లో వచ్చిన మూడవది ‘3జి ఎస్’, వేగమునకు ఆంగ్లములోని మొదటి అక్షరము చేర్చినారు. 2010లో వచ్చిన నాలుగవది ‘4’. ఇక్కడ ఎట్లో వరుస కలిసినది. ఆ మీదట 2011లో ఐదవ ఫోను రావలెను. దాని పేరు ‘5’ గాక మరేమగును? లోకమంతయు అట్లే అనుకొన్నది. ఊహలను గూర్చి తెలిసికొనదలచినవారు ఆ 2011వ సంవత్సరపు వేసవిని తప్పక చదువవలెను.

అంతకుముందు నాలుగేండ్లు ఆపిల్‌వారు కొత్త ఫోనును వేసవిలోనే తెచ్చుచుండిరి. ఆ యేడు జూన్ దాటినది, జూలై దాటినది, ఫోను జాడ లేదు. జాగైనకొలది ఊహలు బలిసినవి. ఇంత ఆలస్యమయినదన్న రూపమంతయు మారి యుండవలెనని తీర్మానించిరి. కొత్త ఫోను పైభాగమున మందముగాను క్రిందకు వచ్చుకొలది పలుచగాను, నీటిబొట్టు వాలున నుండునని ఒక వార్త. వెనుక గాజుపలక పోయి వంపుగల లోహపు వీపు వచ్చునని మరియొకటి. తెర పెద్దదగును, క్రింది గుండ్రని మీట కోలగా మారును. ఇట్టి కొలతలతో చిత్రములు తయారైనవి. చిత్రములతో ఆగినచో విశేషము లేదు. ఫోను తొడుగులు తయారుచేయువారు ఈ కొలతలను నమ్మి, ఇంకను లేని ఫోనుకు తొడుగులు పోతపోయించిరి. చొక్కా కుట్టి మనిషి కొరకు వెదకుట యన్నమాట.

సెప్టెంబరు చివర ఆపిల్‌వారి ఆహ్వానపత్రిక వచ్చినది. అందు నాలుగు చిన్న బొమ్మలు. పంచాంగపు బొమ్మపై 4 అని తేదీ, గడియారములో 10 గంటలు, పటములో సంస్థ కార్యాలయము, ఫోను బొమ్మ మూల 1 అను అంకె. ఫోనును గూర్చి మాటలాడుకొందము రండని పైన ఒక వాక్యము. మన జ్యోతిష్కులు జాతకచక్రమును చదివినట్లు దీనిని చదివిరి. 1 అని యున్నది గనుక ఒకే ఫోను వచ్చును, రెండు రావని కొందరు, ‘మాటలాడుకొందము’ అన్నారు గనుక మనిషి మాట వినిపించుకొను ఫోను వచ్చునని కొందరు. ఈ రెండును నిజమైనవని ఒప్పుకొనవలెను.

2011 అక్టోబరు 4వ తేదీన కాలిఫోర్నియాలోని కూపర్టినోలో, అంతకు ఆరు వారములకు ముందు అధిపతియైన టిమ్ కుక్ సభ నడపెను. వచ్చిన ఫోను పేరు ‘5’ కాదు, ‘4ఎస్’. రూపము ముందటి యేటి ఫోనుదే. అదే గాజు వీపు, అదే ఉక్కు పట్టీ, అదే మూడున్నర అంగుళముల తెర. లోపల మాత్రము యంత్రము మారినది, కెమెరా మారినది, పలుకరించినచో బదులు చెప్పు ‘సిరి’ వచ్చి చేరినది. సభ ముగియకముందే నిరాశ వెల్లువైనది. దానికి కారణము యంత్రములో లోపము గాదు, పేరులో 5 లేకపోవుట. తాము గీచిన బొమ్మవలె ఫోను లేనందుకు ఫోను చేసినవానిపై అలుగుట మాకు ఇప్పటికిని వింతగానే తోచును. మరునాడు, అక్టోబరు 5న, స్టీవ్ జాబ్స్ మరణించెను. ఆంగ్లములో ‘4ఎస్’ అను మాటను పలికినచో ‘స్టీవ్ కొరకు’ అను అర్థము స్ఫురించునని ఎవరో కనిపెట్టిరి. నిన్న వెక్కిరించిన పేరునే నేడు కన్నీటితో పలికిరి. తరువాత ఒక సభలో టిమ్ కుక్ ఆ అక్షరము సిరికి గుర్తని చెప్పెను. అయినను జనమిచ్చిన అర్థమే చాలమంది మనస్సులలో నిలిచినది. ఫోను మాత్రము అమ్మకమునకు వచ్చిన మొదటి మూడు దినములలోనే 40 లక్షలకు పైగా పోయినది. నీటిబొట్టు వాలు తొడుగులు కొట్లలోనే మిగిలినవి.

ఊహ నిరపాయమైన వినోదమనుకొనువారికి కొన్ని అంకెలు వినిపించెదము. 2011 ఏప్రిలు నుండి జూన్ వరకు 2 కోట్ల 3 లక్షల ఐఫోనులు అమ్ముడైనవి. జూలై నుండి సెప్టెంబరు వరకు 1 కోటి 70 లక్షలు మాత్రమే. కొత్తది వచ్చునను పుకార్ల వలన జనము కొనుట మానుకొనిరని కంపెనీయే చెప్పినది. ఆ తరువాతి మూడు మాసములలో అమ్ముడైనవి 3 కోట్ల 70 లక్షలు. అనగా మన మాస్టారు గారు బీరువాలో రొక్కము పెట్టుకొని కూర్చొన్నట్లు లక్షలాదిమంది ఆ వేసవిలో కూర్చొని యుండిరి. 2017లో గూడ టిమ్ కుక్ ఇదే ఫిర్యాదు చేసెను. రాబోవు ఫోనులను గూర్చి వార్తలు మరీ ముందుగా, మరీ తరచుగా వచ్చుటచేత అమ్మకములు మందగించినవని ఆయన మాట. కంపెనీలు తమ సభలకు ముందు ఈ ఆత్రుతను లోలోపల కోరుకొనునని మా అనుమానము. దప్పిక పుట్టించుట వారికి ఇష్టమే, అయితే చెరువు నిండకముందే పుట్టినచో కష్టము.

2012లో కథ తిరగబడినది. ఆ మార్చిలో ఆపిల్‌వారు తమ మూడవ ఐపాడ్‌కు అంకె తీసివేసి ‘కొత్త ఐపాడ్’ అని మాత్రమే పేరు పెట్టిరి. కాబట్టి ఫోనుకు గూడ అంకె పోవునని పలువురు పందెములు కట్టిరి. తర్కము బాగుగనే యున్నది. రహస్యములను ఇంకను గట్టిగా కాపాడుదుమని ఆ మే నెలలో టిమ్ కుక్ బహిరంగముగా పలికెను. కాని ఆగస్టునాటికే ఫోను భాగములన్నియు ఛాయాచిత్రములలో ప్రత్యక్షమైనవి. నిలువుగా పెరిగిన తెర, వెనుక రెండు రంగుల లోహము, ఛార్జి పెట్టు చిన్న రంధ్రము, అన్నియు ముందుగానే కనబడినవి. ఇక పేరు. ఆహ్వానపత్రికపై సభ జరుగు తేదీ 12 అని యుండెను, ఆ అంకె నీడ క్రింద పడియుండెను, నీడ మాత్రము 5 ఆకారములో నుండెను! సెప్టెంబరు 12న వచ్చినది ‘ఐఫోన్ 5’. లెక్క ప్రకారము అది ఆరవ ఫోను. రూపము, పేరు రెండును ముందే తెలిసినందువలన ఈసారి వచ్చిన ఫిర్యాదు వేరు: “ఆశ్చర్యమేదియు లేదు” అని. మనిషిని తృప్తిపరచుట ఎంత కష్టమో శ్రోతలే గ్రహింపగలరు.

అంకెలు దాటుటకు ఒక్కొక్కరి కారణము ఒక్కొక్కటి. చీనా భాషలో నాలుగు అను మాట చావు అను మాటను పోలి పలుకును గనుక అచ్చటివారికి ఆ అంకె అశుభము. వన్‌ప్లస్‌వారు 2017లో 3టి తరువాత నేరుగా 5 నకు పోయినారు. శాంసంగువారు తమ నోట్ ఫోనును తమ ఎస్7తో సమానము చేయుటకై 2016లో 5 నుండి 7 నకు దుమికిరి. ఆపిల్‌వారు 2017లో 8ని, దానితోబాటే పదియేండ్ల పండుగకు గుర్తుగా రోమను అంకె పదిని పేరుగా గల మరియొక ఫోనును తెచ్చి, 9ని వదలివేసిరి. ఆ రోమను పదిని ‘టెన్’ అని పలుకవలెనని వారెంత చెప్పినను మన ఊళ్ళలో అది ‘ఎక్స్’గానే ఉండిపోయినది. 2025లో పలుచని ఫోనొకటి వచ్చునని తెలిసి అందరు దానిని ‘17 ఎయిర్’ అని పిలుచుచుండగా, సెప్టెంబరులో అది అంకెయే లేని ‘ఐఫోన్ ఎయిర్’గా వచ్చినది. పేరు విషయమున మేనల్లుడు గారు చెప్పునది సగము మాత్రము నమ్మవచ్చునని మా అభిప్రాయము.

రూపము సంగతి వేరు. రూపము కోరికవలన గాక కారణమువలన పుట్టును. ఆ కారణమెరిగి ఊహించువాడు చాలవరకు నెగ్గును. ఉదాహరణమునకు ఏరియలు. మన రేడియో సెట్టుకు మిద్దెమీద తీగ కట్టినట్లు ఫోనుకును ఏరియలు కావలెను. లోహపు పెట్టెలో మూసినచో తరంగములు లోపలికి రావు. అందుకే లోహపు ఫోనుల వీపుపై ప్లాస్టికు చారలుండెడివి. 2010లో ఆపిల్‌వారు ఫోను చుట్టునున్న ఉక్కు పట్టీనే ఏరియలుగా చేసిరి. చేయి ఒకచోట తగిలినచో సంకేతము తగ్గుచున్నదని గగ్గోలు పుట్టి, జూలైలో సభ పెట్టి కొన్నవారికందరికిని ఉచితముగా తొడుగులిచ్చిరి. మరియొక కారణము ఛార్జి. తీగ లేకుండ ఛార్జి పెట్టవలెనన్న క్రింది పలకలోని తీగచుట్టకును ఫోనులోని తీగచుట్టకును మధ్య లోహము అడ్డుండరాదు. కాబట్టి తీగలేని ఛార్జి వచ్చునని తెలిసిన నాడే వీపు మరల గాజుకు మారునని తేలిపోవును. 2017లో సరిగా నట్లే జరిగినది. కెమెరా కటకమునకు ఒక లోతు కావలెను, ఫోను పలుచనైనకొలది కటకము వెనుకకు పొడుచుకొని రావలసినదే. ఇట్టి ఊహ మాకు ఇష్టము. ఇందులో చదువున్నది. మేనల్లుడు ఈ దారిన ఆలోచించువాడైనచో మాస్టారు గారు కోపగించుకొనక కూర్చుండబెట్టి నాలుగు భౌతికశాస్త్రపు ప్రశ్నలు వేయవలెను.

కాని ఇప్పటి వార్తలలో ఎక్కువభాగము ఊహలు కావు, బయటికి పొక్కినవి. కొన్ని కంపెనీ చేతిమీదుగనే పొక్కును. 2017 వేసవిలో ఆపిల్‌వారు తమ కొత్త స్పీకరునకు సంబంధించిన ప్రోగ్రామును పొరపాటున ముందుగా బయటపెట్టగా, అందులో రాబోవు ఫోను ఆకారము చిన్న గుర్తుగా దొరికినది. పైన నొక్కువడిన తెర అందరికిని అప్పుడే తెలిసినది. ఇట్టిది ఎవరికిని నొప్పి కలిగింపదు, నవ్వుకొని ఊరకుందుము. అన్నియు ఇట్టివి కావు.

2010 మార్చిలో ఒక యువ ఇంజనీరు పరీక్షకై తనకిచ్చిన రాబోవు ఫోనును, పాత ఫోనువలె కనబడు తొడుగుతో సహా, కాలిఫోర్నియాలో ఒక పానశాలలో మరచిపోయెను. ఆనాడు ఆతని పుట్టినరోజు. దొరికినవారి వద్దనుండి ఒక వార్తాసంస్థ 5,000 డాలర్లకు దానిని కొని, విప్పి, ఏప్రిలులో చిత్రములు ప్రకటించినది. అంతటితో ఆగక పోగొట్టుకొన్న యువకుని పేరును, ముఖమును గూడ ప్రకటించినది. ఫోను వెనుకభాగము చూడవలెనని మనకు కుతూహలముండవచ్చును. ఆ పిల్లవాని పేరు మనకెందుకు? మేము ఆ పేరు చెప్పము.

అంతకు ముందటి యేడు, 2009 జూలైలో, చీనాలోని షెన్‌జెన్ నగరమున జరిగినది చెప్పుటకు మాకు మనస్సొప్పుట లేదు గాని చెప్పకుండ ఈ ప్రసంగమును ముగింపలేము. ఐఫోనులు తయారుచేయు ఫాక్స్‌కాన్ కర్మాగారములో 25 ఏండ్ల యువకుడు రాబోవు ఫోను నమూనాలు 16 పంపు పనిలో నుండెను. లెక్క చూడగా ఒకటి తగ్గినది. సంస్థ కాపలాధికారులు ఆతనిని ప్రశ్నించిరి, ఇల్లు సోదా చేసిరి. తన్ను కొట్టిరని ఆతడు స్నేహితులకు తెలిపినట్లు పత్రికలు వ్రాసినవి. ఆ తరువాత ఆతడు ప్రాణము తీసికొనెను. సంస్థ ఆ అధికారిని పనినుండి తొలగించి ఉంచినది, ఆపిల్‌వారు విచారము తెలిపిరి. మనమెవ్వరమును ఆ యువకునికి హాని తలపెట్టలేదు, నిజమే. కాని రహస్యమునకు అంత ధర ఎవరివలన వచ్చినది? ముందుగా చూడవలెనని కోట్లమంది ఆత్రపడుటవలన వచ్చినది. కాగితముపై గీచిన ఊహకు ఒక ధర, కర్మాగారమునుండి దొంగిలించి తెచ్చిన చిత్రమునకు మరియొక ధర. రెండవదానిని చెల్లించువారు మన కంటికి కనబడరు.

ఇది దూరదేశపు సంగతి గాదా అనవచ్చును. 2015 ఆగస్టులో విశాఖపట్టణములో షావొమీవారు విడుదల చేసిన ‘రెడ్‌మీ 2 ప్రైమ్’ అను ఫోను మన శ్రీసిటీలో, అదే ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారములో కూర్చబడినది. అక్కడ పనిచేసినవారిలో ఎక్కువమంది చుట్టుప్రక్కల ఊళ్ళ ఆడపిల్లలు. రాబోవు ఫోను వీపును లోకముకంటె ముందుగా చూచువారిలో మన పిల్లలును ఉందురన్నమాట. వారిని సాయంకాలము బస్సు దిగగానే “కొత్తది ఎట్లున్నదే?” అని ఊరివారు అడుగకుండుట మంచిది.

ఇక మాస్టారు గారి ప్రశ్నకు మేము వ్రాసిన జవాబిది. కొత్త ఫోనును చూపిన దినమున పాత ఫోను ధర తగ్గించుట చాలకాలముగా నున్న వాడుక. 4ఎస్ వచ్చిన దినముననే అమెరికాలో 4 ధర దిగినది. కాబట్టి చేతిలో పనిచేయు ఫోనుండి, సభ తేదీ కంపెనీ నోట వెలువడియుండి, అది నెలలోపలనే యున్నచో ఆగుటలో అర్థమున్నది. ఆగినది కొత్తదాని కొరకు గాదు, పాతదాని ధర కొరకు. తేదీ లేక కేవలము బొమ్మలు మాత్రమే యున్నచో ఆగరాదు. 2011లో నీటిబొట్టు ఫోను కొరకు ఆగినవారికి ఆ ఫోను నేటికిని రాలేదు. మీ విషయమున ఇంతదూరము పోనక్కరలేదు. అమ్మాయి ఫోను అద్దము పగిలి నాలుగు నెలలైనదని మీరే వ్రాసితిరి. రేపు ఆదివారము మేనల్లుని గూడ వెంట తీసికొనిపొండు. ఏ ఫోనులో బ్యాటరీ ఎక్కువ, ఏ కంపెనీ ఎన్నేండ్లు ప్రోగ్రాములు మార్చి ఇచ్చును అను సంగతులు ఆతనికి మీకంటె, మాకంటె బాగుగా తెలియును. రసీదు తీసికొనుట మాత్రము మరువవద్దు. అద్దము మారమ్మతునకు ఎంతగునో గూడ అక్కడనే అడిగి వ్రాసికొనుడు.